ఎక్కడికో నాకు చెప్పకు

నవంబరు 4, సోమవారం

దిగులంతా ఇందులో రాయమంది మనవరాలు. రోజంతా తనకి ఫోన్లు చేస్తుంటే క్లినిక్‌లో పెద్ద డాక్టరు మొహం చిట్లిస్తున్నాడట. "భయం వేసినప్పుడల్లా ఇందులో రాసెయ్ అమ్మమ్మా. సాయంత్రానికి ఇంకా మిగిలి ఉంటే అప్పుడు నాకు చెప్పు" అని ఈ డైరీ చేతిలో పెట్టింది. మందుల కంపెనీ వాళ్ళు క్లినిక్‌కి ఇచ్చారట. అట్ట మీద నవ్వుతున్న పన్ను బొమ్మ ఉంది. పన్ను నవ్వడమేమిటో.

నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత రాసినవన్నీ నడుము కొలతలు, చేతుల కొలతలే. సరే, రాస్తాను. చదివేదెవరు గనక.

ఈ రోజు దిగుళ్ళు. గ్యాస్ కట్టానా. కట్టాను, వెనక్కి వెళ్ళి చూసొచ్చాను. మెట్ల మీద లైటు మళ్ళీ పోయింది. పిల్లకి పొడి దగ్గు. వాళ్ళమ్మ ఊరి నుంచి ఆదివారం ఫోన్ చేయలేదు, ఒంట్లో ఎలా ఉందో. శనివారం పిల్ల ఎవరో కొత్త మనిషిని కలవడానికి వెళ్తోంది.

అసలైనది చివర రాశాను.

నవంబరు 5, మంగళవారం

నిన్న రాసిన చివరి ముక్క గురించి. మా పిల్ల ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుంది. అందులో ఒకరి వెనక ఒకరు మొహాలు వస్తుంటాయి. నచ్చితే ఇటు, నచ్చకపోతే అటు తోస్తుంది. కొట్లో బట్టలు తిరగేసినట్టు. భోజనం అయ్యాక కాసేపు చూసి, ఇక చాలు అని ఫోన్ బోర్లా పెట్టేస్తుంది. పోయిన వేసవిలో విసుగొచ్చి కొన్నాళ్ళు పూర్తిగా తీసేసింది కూడా. అప్పుడు నేను ఎంత హాయిగా ఉన్నానో.

దానికి కొన్ని పద్ధతులున్నాయి. నన్ను కూచోబెట్టి చెప్పింది. "మొదటిసారి జనం ఉన్నచోటే కలుస్తాను. నా దారిన వెళ్తాను, నా దారిన వస్తాను, ఎవరి బండీ ఎక్కను. ఇల్లెక్కడో, పనెక్కడో మనిషి సంగతి తెలిసేదాకా చెప్పను. వెళ్ళేముందు వాళ్ళ ఫొటో, పేరు, కలిసే చోటు నీ ఫోన్‌కి పంపుతాను. ఒకరికి తెలిసి ఉండాలి. ఆ ఒకరు నువ్వు."

సరే అన్నాను. పంపుతూనే ఉంటుంది. ఫోన్ కుయ్‌మంటుంది. నేను తెరవను. పరాయి మగాళ్ళ మొహాలు నాకెందుకు. ఒక్కసారి చూస్తే అదే మొహం పడుకున్నా లేచినా కళ్ళముందు ఆడుతుంది. చూడకపోతే ఆ దిగులు కాస్త తగ్గుతుంది. అది నా పద్ధతి. ఈ మాట పిల్లకి చెప్పలేదు.

పోయిన నెల ఒకడిని కలిసింది. కాఫీ సగంలో వదిలేసి లేచొచ్చింది. ఏ బస్సెక్కుతావు, ఎక్కడ దిగుతావు అని అదే పనిగా అడిగాడట. ఇంటికొచ్చాక, వద్దని మర్యాదగా రాసి బ్లాక్ చేసేసింది. బ్లాక్ అంటే తలుపు మూసి లోపల గడియ పెట్టుకోవడమట. ఆ అబ్బాయి ఏమనుకున్నాడో పాపం అన్నాను. పిల్ల నా వంక అదోలా చూసి, "ఏమనుకుంటాడన్నది నా పని కాదమ్మమ్మా" అంది.

ఈ కాలం పిల్లల గుండెలు గట్టివి.

నవంబరు 6, బుధవారం

నేను మిషన్ కుట్టే లాండ్రీకి కొత్త కస్టమరు వచ్చాడు. నీలం కోటు అబ్బాయి. ముప్పై దాటి ఉండవు. అందరూ కౌంటరు దగ్గర లాండ్రీ ఆవిడకి బట్టలిచ్చి వెళ్ళిపోతారు, ఆవిడ నా మిషన్ మీద పడేస్తుంది. ఇతను నేరుగా నా దగ్గరికే వచ్చి, ముక్కాలిపీట లాక్కుని, "మీరేనా అమ్మా కుట్టేది" అని కూచున్నాడు. ఎంత మెల్లగా మాట్లాడతాడో. ప్యాంటు పొట్టి చేయమన్నాడు. నిలబెట్టి చూశాను. సరిగ్గానే ఉంది. ఇంకొంచెం పైకి కావాలన్నాడు. ఫ్యాషనేమో అనుకుని చాక్‌తో గీత పెట్టాను.

అద్దం పక్కన పిల్ల ఫొటో పెట్టుకున్నాను, డిప్లొమా తీసుకున్న రోజుది. దాని వైపు చూశాడు గానీ ఎవరని అడగలేదు. అడగకపోయేసరికి నేనే చెప్పాను, మా మనవరాలని. దంతాల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుందని. అదృష్టవంతురాలమ్మా మీరు, అన్నాడు.

ఇంత మర్యాద తెలిసిన కుర్రాణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో. ఇలాంటివాళ్ళు ఆ ఫోన్‌లో ఎందుకుంటారు. ఉండరు.

నవంబరు 9, శనివారం

పిల్ల వెళ్ళింది. మొక్కల నర్సరీలో పనిచేసేవాణ్ణి కలవడానికి. ఫోన్ కుయ్‌మంది. తెరవలేదు.

తర్వాత

అల్మారాలో బట్టలన్నీ తీసి మళ్ళీ మడతపెట్టాను.

సాయంత్రం

ఎండ ఉండగానే వచ్చేసింది. నవ్వుతూ వచ్చింది. చేతిలో చిన్న కుండీ. మార్కెట్ మధ్యలో టీ కొట్టు ముందు నిలబడి మాట్లాడుకున్నారట. అతను మొక్కల వేర్లు ఎలా కుళ్ళిపోతాయో చాలాసేపు చెప్పాడట. ఇది మాట్లాడుకునే విషయమా. బస్సు దాకా వస్తానన్నాడా అని అడిగాను. "రానా అని అడిగాడు, వద్దన్నాను, సరే అని అక్కడే ఆగిపోయాడు" అంది, అదేదో పెద్ద గొప్పయినట్టు.

ఆడపిల్లని ఒంటరిగా పంపేవాడు ఏం మనిషి. గోళ్ళలో మట్టి కూడా ఉందట. మొక్కలవాడి మీద నాకు నమ్మకం లేదు.

కుండీ కిటికీలో పెట్టింది. ఆకులు మందంగా ఉన్నాయి.

నవంబరు 12, మంగళవారం

కోటు అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ప్యాంటు ఇచ్చాను. ఈసారి ఆ నీలం కోటే విప్పి ఇచ్చాడు, లోపలి లైనింగు చిరిగిందని. బ్లేడుతో కోసినంత తిన్నగా ఉంది చిరుగు. బట్ట పాతబడి చిరిగితే పోగులు లేస్తాయి. ఇక్కడ ఒక్క పోగు లేవలేదు. దేనికో గీరుకుని ఉంటుంది. మేకులు కూడా అలాగే కోస్తాయి ఒక్కోసారి.

కూచోబెట్టి కుడుతూ మాట్లాడాను. యాప్ సంగతి చెప్పాను. ఎవరితోనన్నా చెప్పుకోకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. అతను తల ఊపుతూ విన్నాడు. ఫోన్‌లో మనుషుల్ని ఎలా నమ్ముతారమ్మా అన్నాడు. నా మనసులో మాట. నువ్వు పెళ్ళి చేసుకోలేదా నాయనా అంటే తల దించుకున్నాడు. కుదిరినట్టే కుదిరి తప్పిపోయిందట. ఆ అమ్మాయి ఒక్క మాటా చెప్పకుండా మొహం మీద తలుపేసేసిందట. కళ్ళలో నీళ్ళు నిలిచాయి. సూది ఆపి మంచినీళ్ళిచ్చాను.

పిల్లకి ఇలాంటివాడు దొరికితే నా దిగుళ్ళన్నీ ఒక్కసారిగా తీరిపోతాయి కదా అనిపించింది. అనిపించడంలో తప్పేముంది.

అతను ఏమీ అడగలేదు. అది మాత్రం రాసి పెడతాను. ఏమీ అడగలేదు. నేనే చెప్పాను, క్లినిక్ పెద్ద పార్కు గేటు ఎదురుగా అని, మంగళ, బుధవారాలు చీకటి పడ్డాక వదులుతారని. మాట మధ్యలో ఆగిపోతాడు అతను. "చీకటి పడ్డాక ఒక్కతే అంటే, బస్సు మరి..." అని ఆగిపోతే, నోరు ఊరుకోక నేనే పూర్తి చేస్తాను.

నవంబరు 14, గురువారం

లాండ్రీ ఆవిడ వేళాకోళం. "పెద్దమ్మా, మీ అల్లుడు రాలేదా ఇవాళ" అంటుంది. నిన్న వచ్చి, పొట్టి చేయించుకున్న ప్యాంటే మళ్ళీ పొడుగు చేయమని ఇచ్చి వెళ్ళాడు. అది చూసి, "వారం తిరిగేసరికి కాళ్ళు పెరిగాయా ఆ పెద్దమనిషికి? ఎరువేమన్నా వేస్తున్నాడా?" అంది. నేను నవ్వలేదు. తర్వాత ఆవిడ ఇస్త్రీ ఆపి నిజంగానే అడిగింది, అతను ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో మీకు తెలుసా అని.

ఆలోచించాను. తెలియదు. ఇన్నిసార్లు వచ్చాడు, ఇంత మాట్లాడుకున్నాం. నా మోకాలి నొప్పి నుంచి మా అల్లుడి షుగరు దాకా అతనికి తెలుసు.

అడగడం మర్యాద కాదని అడగలేదు. అంతే.

నవంబరు 15, శుక్రవారం

ఇవాళ రాలేదు. ముక్కాలిపీట ఖాళీగా ఉంటే వెలితిగా ఉంది.

నవంబరు 18, సోమవారం

అక్షరాలు కుదరడం లేదు.

పిల్ల చెప్పకూడదనుకుందట, కానీ దాని మొహం చూసి నేను వదలలేదు. క్లినిక్‌కి ఎవరో ఫోన్ చేసి, ఎక్స్‌రేలు తీసే అమ్మాయి ఎన్ని గంటలకి వెళ్తుందని అడిగారట. పేరు చెప్పలేదట. పార్కు గేటు దగ్గర రెండు రోజులుగా ఎవరో నిలబడుతున్నారట, ఇది తలెత్తి చూసేసరికి చెట్ల వెనక్కి వెళ్ళిపోతున్నారట.

మొక్కలవాడే. ఇంకెవరు. నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను.

"అతను కాదమ్మమ్మా. క్లినిక్ ఎక్కడో అతనికి నేనింకా చెప్పనే లేదు. ఎవరికీ చెప్పలేదు" అంది పిల్ల. చెప్పి, తన గోరు తాను కొరుక్కుంటూ కూచుంది. చిన్నప్పుడు మానిపించిన అలవాటు.

ఎవరికీ చెప్పకపోతే ఎవరికి ఎలా తెలుస్తుంది. మొక్కలవాడు వెంటపడి చూసి ఉంటాడు. మొక్కలవాడే.

నవంబరు 19, మంగళవారం

ఈ రోజు కాస్త ధైర్యంగా ఉంది. మార్గం దొరికింది.

కోటు అబ్బాయికి అంతా చెప్పాను. వింటూ మొహం ఎర్రబడింది అతనికి, కోపంతో. అలాంటివాళ్ళని ఊరికే వదలకూడదమ్మా అన్నాడు. నేనే అడిగాను, నాయనా, నీకు వీలైతే రేపు సాయంత్రం ఆ బస్సు స్టాపు వైపు ఒక్క చూపు వేసి ఉంచుతావా, నేను ముసలిదాన్ని, మోకాళ్ళు సాగవు అని.

"తప్పకుండా చూసుకుంటానమ్మా. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. ఆ మాట వినడానికి ఎన్నాళ్ళు కాచుకున్నానో. నిశ్చింత.

జనంలో పిల్లని గుర్తుపట్టాలి కదా అని, ఏం వేసుకుంటుందో అడిగాడు. బూడిద రంగు కోటు, కాలరు నేను చేత్తో కుట్టింది, అని చెప్పాను.

సంచీ బరువుగా ఉందని మా వీధి దాకా మోసుకొచ్చాడు. కింద తలుపు దగ్గర ఆగి మేడ వంక చూసి, "మీ కిటికీ..." అని ఆగిపోయాడు. మొక్క ఉన్నదే మాది అన్నాను. మొక్క చాలా బాగుందన్నాడు. పైకి రమ్మంటే ఇప్పుడొద్దమ్మా అన్నాడు. ఎంత సంస్కారం.

పిల్లకి చెప్పలేదు. తనకోసం కాపలా పెట్టానని తెలిస్తే చిన్నతనంగా అనుకుంటుంది.

నవంబరు 20, బుధవారం

పిల్ల వచ్చింది. వచ్చి తలుపు గడియ వేసి, కుర్చీ తెచ్చి తలుపుకి అడ్డం పెట్టింది.

బస్సులో వెనక సీట్లో ఎవరో కూచున్నారట. ఇది వెనక్కి తిరగలేదు. దిగే స్టాపు దగ్గర పడుతుండగా చెవి పక్కన మెల్లగా వినిపించిందట.

"కాలరు బాగుంది. అమ్మమ్మ చేత్తో కుట్టింది కదా."

తిరిగి చూస్తే, పోయిన నెల కాఫీ సగంలో వదిలేసి వచ్చిన మనిషి. బ్లాక్ చేసిన మనిషి. పిల్ల దిగకుండా డ్రైవరు పక్కకి వెళ్ళి నిలబడిందట. డ్రైవరుకి చెప్పిందట. ఆయన బస్సు ఆపి వాణ్ణి దించేశాడట. తర్వాత మా వీధి మొదట్లో దీన్ని దింపి, తలుపు దాకా వెళ్ళేదాకా లైట్లు వేసి ఉంచాడట.

"కాలరు సంగతి వాడికెలా తెలుసు అమ్మమ్మా. నేనెవరికీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు కదా."

నేను నీళ్ళు తేవడానికి వంటగదిలోకి వెళ్ళాను. నీళ్ళు తేలేదు. అక్కడే నిలబడి ఫోన్ తెరిచాను. పిల్ల పంపినవన్నీ అలాగే ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. పోయిన నెల దగ్గరికి జరిపాను.

నీలం కోటు. అదే మెల్లని నవ్వు.

నవంబరు 21, గురువారం, పొద్దున

నిన్న చెప్పలేదు. అంత భయపడి ఉన్నదానికి ఇంకో భయం ఎందుకని. ముందు తిననీ అనుకున్నాను. తిన్నాక, పడుకోనీ అనుకున్నాను. లేచాక, ముందు టీ తాగనీ అనుకున్నాను.

టీ తాగుతోంది. నేను ఇది రాస్తున్నాను. రాయడం ఆపితే చెప్పాలి.

ఆపుతున్నాను.

మధ్యాహ్నం

చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. నేల మీద కూచుండిపోయింది. గోడకి ఆనుకుని, చాలాసేపు కిటికీలో మొక్కనే చూసింది. తర్వాత, "ఏమేం చెప్పావో అన్నీ చెప్పు. ఏదీ దాచకు" అంది. క్లినిక్ చెప్పాను, బస్సు చెప్పాను, కోటు చెప్పాను. కిటికీ దగ్గరికొచ్చేసరికి నేనూ తల తిప్పి మొక్క వంక చూశాను. దానికి అర్థమైంది. లేచి వెళ్ళి కుండీ తీసి సింకు కింద పెట్టింది.

అప్పుడొక మాట అంది. "ఫొటోలు నువ్వు చూస్తున్నావనుకున్నాను. ఒక్కరికి తెలుసు కదా అని ధైర్యంగా వెళ్ళేదాన్ని."

లేచి టీ గ్లాసు కడిగి బోర్లించింది.

తర్వాత మళ్ళీ తనే నా పక్కన కూచుని చెప్పింది. ఆ రోజు కాఫీ దగ్గర వాడు ఇంటి సంగతులు గుచ్చి గుచ్చి అడుగుతుంటే, ఏదో ఒకటి చెప్పాలి కదా అని, మా అమ్మమ్మ లాండ్రీలో మిషన్ కుడుతుందని చెప్పిందట. "నా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నీ గురించి చెప్తే ఏముంది, ముసలావిడ అనుకున్నాను." అని నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది. ఊళ్ళో ఉన్న లాండ్రీలన్నీ తిరిగి ఉంటాడు వాడు, మిషన్ ముందు ముసలావిడ ఉన్న కొట్టు దొరికేదాకా.

పిల్ల మూసిన తలుపుకి గడియ తీసింది నేను.

నవంబరు 22, శుక్రవారం

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. లాండ్రీ ఆవిడ షాపు మూసి మాతో వచ్చింది. వేళాకోళం ఆడలేదు. అక్కడ ఒక ఆవిడ, నా కూతురి వయసు, అన్నీ ఓపిగ్గా విని రాసుకుంది. యాప్‌లో వాడు పెట్టిన పేరు ఒకటి, లాండ్రీ చీటీ మీద రాయించిన పేరు ఇంకొకటి. రెండూ వాడివి కావేమో అంది. పిల్ల వాడి రాతలన్నీ దాచి ఉంచింది, ఫొటోలూ, కలిసిన రోజూ. ఇవి ఉండటం మంచిదైందని ఆవిడ మెచ్చుకుంది. ఆ కోటు ఇంకా మీ దగ్గరే ఉందా అని అడిగింది. మంగళవారం చేతులు కూడా బిగుతు తీయమని మళ్ళీ ఇచ్చి వెళ్ళాడు, ఉంది. తీసుకోవడానికి వస్తాడు, రాగానే ఫోన్ చేయండి, మీరు గొడవ పడొద్దు, అని నంబరు ఇచ్చింది.

రాగానే, అంది. వస్తే అనలేదు.

మొక్కలవాడికి పిల్ల సంగతంతా చెప్పిందట. "నేనేం చేస్తే నీకు బాగుంటుంది" అని అడిగాడట. ఇప్పటికి రావద్దు, ఫోన్ కూడా నేనే చేస్తాను అందట. సరే అన్నాడట. రాలేదు. చేయలేదు. నాకు అప్పుడు అర్థం కాని గొప్ప ఇదన్నమాట.

యాప్ తీసేశావా అని అడగబోయి ఊరుకున్నాను. నేను అడగాల్సిన మాట కాదు అది, ఈ పరిస్థితిలో.

నవంబరు 24, ఆదివారం

పిల్ల కొన్నాళ్ళు వేరేచోట ఉంటుంది. తెలిసినవాళ్ళెవరో ఉండమన్నారట. పెద్ద డాక్టరు వేళలు మార్చాడట, ఎలా మార్చాడో నాకు తెలియదు. సంచీ సర్దుతుంటే బూడిద రంగు కోటు తీసి మంచం మీద పెట్టింది. నేను దాన్ని మడిచి అల్మారా అడుగున పెట్టాను.

సంచీ జిప్పు వేసి, అలవాటు ప్రకారం నా ముందు నిలబడింది. బయటికి వెళ్ళేముందు చిన్నప్పటినుంచీ అలాగే నిలబడుతుంది, ఎక్కడికో చెప్పడానికి. "అమ్మమ్మా, నేను ఉండేది..."

"నాకు చెప్పకు" అన్నాను.

నమ్మనట్టు చూసింది. పక్క వీధికి వెళ్ళినా ఏ కొట్టుకో చెప్పి వెళ్ళమనేదాన్ని నేను.

"తెలియకపోతే నీకు కునుకు పట్టదు అమ్మమ్మా. నాకు తెలుసు నీ సంగతి."

"పట్టదు. పర్వాలేదు. తెలిస్తే చెప్పేస్తాను. ఎవరన్నా మెత్తగా మాట్లాడితే చాలు నాకు, నాలుక ఆగదు. మీ అమ్మకి చెప్పు. ఆ పోలీసావిడకి చెప్పు. నాకు మాత్రం వద్దు."

వాటేసుకుంది. తల నూనె వాసన. ఏ వైపు తిరిగిందో కూడా చూడకూడదని కిటికీ దగ్గరికి పోలేదు.

నవంబరు 25, సోమవారం

తిందో లేదో.

నవంబరు 26, మంగళవారం

రాత్రి చలి పెరిగింది. దుప్పటి తీసుకెళ్ళిందా. అక్కడ కిటికీలకి గడియలు సరిగ్గా పడతాయా. మేడ మీదా, కిందా. ఏమీ తెలియదు. అన్నీ ఊహించుకుంటున్నాను. ఒక గది ఊహించి, దానికి కిటికీలు పెట్టి, మళ్ళీ ఆ కిటికీల గురించి దిగులు పడుతున్నాను.

కోటు హ్యాంగరుకి వేలాడుతోంది. నాకు ఎదురుగానే.

నవంబరు 28, గురువారం

వచ్చాడు.

లాండ్రీ ఆవిడ నా మొహం చూసి, సర్ఫ్ అయిపోయింది అంటూ వేలాడే బట్టల వెనక్కి వెళ్ళింది. అక్కడినుంచి నంబరు నొక్కిన చప్పుడు నాకు మాత్రమే వినిపించింది. వాడు ముక్కాలిపీట లాక్కుని ఎప్పట్లాగే కూచున్నాడు. "బాగున్నారా అమ్మా. చిక్కిపోయారు" అన్నాడు. గొంతులో అదే మెత్తదనం. ఇన్నాళ్ళూ దాన్ని ప్రేమనుకున్నాను.

పని పూర్తికాలేదని చెప్పాను. పూర్తయ్యేదాకా కూచుంటానన్నాడు. నేను మిషన్ తొక్కాను. ఏం కుట్టానో నాకే తెలియదు, పక్కన పడి ఉన్న ఏదో గుడ్డ. సూది కింద నా వేళ్ళు కనబడుతున్నాయి, నావిలాగా లేవు.

"ఈమధ్య కిటికీలో మొక్క లేదమ్మా" అన్నాడు.

గుడ్డ తిప్పి ఇంకో వరస కుట్టాను.

"చలికి లోపల పెట్టారేమో. మీ మనవరాలు పెట్టి ఉంటుంది. ఈమధ్య ఆ బస్సులో కూడా..." అని ఆగిపోయాడు.

ఆ ఆగిన చోట నా మాట కోసం గొయ్యి తవ్వి ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను అందులోకి నడిచి వెళ్ళి పడ్డాను. ఈసారి గట్టున నిలబడ్డాను. మిషన్ ఆపేశాను. షాపంతా నిశ్శబ్దం. వాడు ఎదురు చూశాడు. నేనూ ఎదురు చూశాను. మౌనంగా ఉండటానికి ఇంత బలం కావాలని ఈ వయసులో తెలిసింది.

మొదటిసారి నేరుగా అడిగాడు. "ఎక్కడుందమ్మా?"

"తెలియదు."

నవ్వాడు. "మీకు తెలియకుండా ఎక్కడికి వెళ్తుంది. నాకు తెలియదా మీ సంగతి."

"తెలియదు."

పీట ముందుకి జరిపి నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను అబద్ధమాడితే కనిపెట్టేసే మనిషి వాడు. నా మొహం చదవడం నేనే నేర్పాను వాడికి. వెతికాడు. ఏమీ దొరకలేదు, ఎందుకంటే అక్కడ ఏమీ లేదు. నవ్వు పోయింది. అప్పుడు చూశాను అసలు మొహం. అందులో ఏమీ లేదు. లైట్లార్పేసిన ఇల్లులా ఉంది.

లేచాడు. కోటు తీసుకోకుండానే. తలుపు దగ్గర ఆగి, "నాకేం తొందర లేదమ్మా" అన్నాడు.

పోలీసావిడ వచ్చేసరికి వీధిలో లేడు. కానీ ఎదురు షాపు కెమెరాలో మొహం, ఎక్కిన బండీ నంబరు పడ్డాయట. దొరుకుతాడు అంది. కోటు సంచీలో పెట్టి తీసుకెళ్ళింది. తాళం మార్పించమంది, రేపు మార్పిస్తాను. దొరికాడని మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం

పిల్ల ఫోన్ చేసింది. పోలీసావిడ చెప్పిందట, అన్నీ తెలుసు. "భయపడ్డావా అమ్మమ్మా" అంది. లేదన్నాను. నవ్వింది, నమ్మలేదు. నోటి దాకా వచ్చింది, ఎక్కడున్నావు అని. ఆ మాటని పళ్ళ మధ్య పట్టుకుని, తిన్నావా అని అడిగాను. తిన్నాను అంది. దుప్పటి ఉందా అన్నాను. ఉంది అంది.

అంతలో దాని వెనకనుంచి ఏదో గంట మోగడం మొదలైంది. బడి గంటో, రైలు గేటు గంటో. ఏదో గుర్తుపట్టేలోపే ఫోన్ చెవి నుంచి తీసేసి, గంట ఆగేదాకా చెయ్యి దూరంగా చాపి పట్టుకున్నాను.